మూడు ఊళ్లలో ఒకటే గులాబీ

ప్రతి ఏడు మిరుగు దాటిందంటే మన పేటల్లోకి గులాబీ మొక్కల బండి వస్తది. నల్ల సంచిలో పిడికెడు మట్టి, అందులో జానెడు మొక్క, దాని నెత్తిన గిన్నంత పువ్వు. పిల్లలు ఆగరు, మనమూ ఆగం. తెచ్చి పాత నూనె డబ్బాలో పెడతం. ఆ పువ్వు రాలుతది, ఇంకో రెండు పూస్తయి. సంక్రాంతికల్లా కొమ్మలు కొసల నుంచి నల్లబడి కిందికి ఎండుకుంటూ వస్తయి. ఎండాకాలం నాటికి డబ్బాలో పుల్ల మిగులుతది. మళ్లీ మిరుగు, మళ్లీ బండి. "మా ఇంటికి గులాబీ అచ్చిరాదక్కా" అని ఎంతమంది నోట విన్ననో లెక్క లేదు. ఇంటికి అచ్చిరావడం, రాకపోవడం అని ఏమీ లేదు. మన ఎండకు, మన నీళ్లకు తగిన మొక్క ఏదో చూసి పెట్టుకోవాలె. ఆ సంగతి నేను మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్న. అదే రాస్తున్న.

అత్తమ్మ 1969లో సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సోలాపూర్‌కు కాపురానికి వచ్చింది. తల్లిగారింటి నుంచి రెండు ఇత్తడి బిందెలు, ఒక బొంత, తడి గోనెగుడ్డలో చుట్టిన నాలుగు గులాబీ పుల్లలు తెచ్చుకుంది. చాళ్లో నల్లా పక్కన, బట్టలుతికే బండ దగ్గర గుచ్చింది. నాలుగింట్లో ఒకటి బతికింది. 1972లో మహారాష్ట్రంతా కరువు. తాగే నీళ్లకే బిందెల వరుస ఉంటే చెట్టుకు ఎవరు పోస్తరు? మామయ్య మిల్లు నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్న నీళ్లే దానికి దక్కినయి. ఆకంతా రాల్చి ముండ్లతోటి నిలబడ్డదట. తర్వాతి వానలకు మొదట్లోంచి మళ్లీ చిగురు పెట్టింది. తర్వాత మిల్లు మూతపడ్డది, మామయ్య పోయిండు, నేను కోడలిగా వచ్చిన, నా పిల్లలు పెద్దోళ్లయిండ్రు. బండ పక్కన నడుమెత్తు పొద మాత్రం అట్లనే ఉంది. మార్కండేయ రథం రోజు దేవుడికి, బతుకమ్మ మీద పెట్టడానికి, మిగిలిన రేకులు గుల్కందుకు. రేకులెంత తూకమో అంత కలకండ పొడి వేసి, జాడీలో కలిపి, మూడు వారాలు ఎండలో పెట్టేది. చాళ్లో చిన్నపిల్లలందరికీ ఆ జాడీ ఎక్కడుంటదో తెలుసు.

పువ్వు చూస్తే బండి గులాబీ ముందు దిగదుడుపే. నిమ్మకాయంత మొగ్గ, విప్పితే రాణీ రంగులో ముద్దగా ఉంటది. కాడకు బలం లేదు, తల వంచుకుంటది. పొద్దుగాల పూసినది సాయంత్రానికి వాడుతది. బొకేలు కట్టేటోళ్లు చెయ్యి కూడా పెట్టరు. వాసన మాత్రం సందు మలుపు దాకా వస్తది. మా పక్కింటి మరాఠీ వాళ్లు 'గావఠీ గులాబ్' అంటరు. తమిళనాడులో స్థిరపడిన మా పెద్దనాయన కూతురింటికి పోతే అక్కడ ఇటువంటి పువ్వునే 'పన్నీర్ రోజా' అని మూరల లెక్కన అమ్ముతున్నరు.

నర్సరీలో ఒక ముసలి మాలీ మా పువ్వు చూసి 'ఇది ఎడ్వర్డ్ జాతి' అన్నడు. మా చిన్నోడు పుస్తకాలు వెతికి దాని పుట్టుక చదివి వినిపించిండు. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివాళ్ల బోర్బన్ దీవి ఉంది, ఇప్పుడు రీయూనియన్ అంటరు. అక్కడ పొలాల కంచెకు రెండు రకాల గులాబీలు పెట్టేవాళ్లు. ఒకటి వాసన గులాబీ, అదే డమాస్క్. రెండోది నెలనెలా పూసే చైనా గులాబీ. ఆ రెండూ కలిసి కంచెలో దానంతటదే ఒక మొక్క మొలిచింది. 1817 ప్రాంతంలో అక్కడికి వచ్చిన ఒక తోటల అధికారి దాన్ని గుర్తించి తర్వాత విత్తనాలు పారిస్‌కు పంపిండు. మన ఎడ్వర్డ్ ఆ సంతతిదే అంటరు. యానాం వాళ్లు ఈ పత్రిక చదువుతరు కాబట్టి ఇంకో మాట. 1828లో చెరకు తోటల్లో పనికని యానాం నుంచి తెలుగు కూలీలను ఓడెక్కించి తీసుకపోయింది ఆ దీవికే. వాళ్లు చేసిన పొలాల గట్ల మీద ఈ గులాబీ కంచెలు ఉండే ఉంటయి. ఇది మాత్రం నా ఊహ.

తల్లిదండ్రులిద్దరి గుణం తెలిస్తే ఈ మొక్క మన దగ్గర ఎందుకు బతుకుతదో తెలుస్తది. డమాస్క్‌కు చలి కావాలె. ఉత్తరప్రదేశ్‌లో హసాయన్, కన్నౌజ్ వైపు అత్తరు కోసం వేసేది దాన్నే. చలికాలం గడిచినంక మార్చి, ఏప్రిల్‌లో ఒక విడత పూసి ఊరుకుంటది. చైనా గులాబీకి చలితో పని లేదు, నిద్రే లేదు. నీళ్లు తగిలితే చిగురు, చిగురు చివర మొగ్గ. ఐరోపా వాళ్లకు ఏడాదంతా పూసే గుణం చాలావరకు దీని నుంచే దక్కింది. కలకత్తా మీదుగా పోయింది కాబట్టి దాన్ని బెంగాల్ గులాబీ అని కూడా పిలిచిండ్రు. మా అత్తమ్మ చెట్టుకు వాసన తల్లి నుంచి, ఓర్పు తండ్రి నుంచి వచ్చిందనుకోండి. ఎవరు తల్లి, ఎవరు తండ్రి అని మాత్రం నన్ను అడగకండి.

చలిదేశాల్లో 'గట్టి గులాబీ' అంటే లెక్క వేరు. మంచు కింద నెలల తరబడి పడి ఉండి కూడా చావనిది వాళ్లకు గట్టిది. కెనడాలో సర్కారు వాళ్లే అందుకోసం 'ఎక్స్‌ప్లోరర్' అనే వరుస తయారుచేసిండ్రు. అందులో చాలావాటికి జపాన్, కొరియా సముద్రపు ఒడ్డున పెరిగే రుగోసా గులాబీ రక్తం ఉంది. అది మన 43 డిగ్రీల ఎండకు, సున్నపు నేలకు పనికిరాదు. మనకు గట్టిదంటే మే నెల దాటాలె, ఉప్పు నీళ్లు తాగాలె, నాలుగు రోజులు నల్లా రాకున్నా ఊపిరి పట్టుకుని ఉండాలె. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్‌గా చేసిన వీరరాఘవన్ గారు ఉద్యోగం ముందే వదిలేసి కొడైకెనాల్‌లో గులాబీలు పెంచుకుంట ఇదే పని పెట్టుకున్నరు. బెంగాల్ వైపు పల్లపు నేలల్లో, వానాకాలం నీళ్లలో నిలబడే రోసా క్లినోఫిల్లా అనే అడవి గులాబీతో కలిపి వేడికి ఆగే రకాలు తీసిండ్రు. నిజానికి మన దేశానికి ఇట్లాంటి పనే కావాలె. కానీ ఆ మొక్కలు మన పేట బండి మీదికి ఎన్నడు వస్తయో!

ఇక అసలు సంగతి. రెండేళ్ల కింద చాళ్ యజమాని కబురు పెట్టిండు. కూలగొట్టి బిల్డింగ్ కడతరట, ఫిబ్రవరి లోపల గదులు ఖాళీ చేయాలె. పగిడీ పైసలని కొంత ఇచ్చిండు. యాభై ఏళ్ల కాపురానికి అది ఏ మూలకు? ఆ కొంతను ముగ్గురు బిడ్డలకు పంచేకాడ మాటలు పడ్డయి. భివండీలో మగ్గాల మీద ఉన్న మా మరిది, బెంగళూరులో పట్టు మగ్గాలింటికి ఇచ్చిన ఆడబిడ్డ, ఇక్కడ మేము. ఎవరి లెక్క వాళ్లది. మరిది దసరాకు రానన్నడు. అత్తమ్మ అందరి మాటలు విని, "పైసలు మీరు పంచుకోండ్రి. చెట్టును నేను పంచుత" అన్నది.

చెట్టును లేపుకపోదామని ముందు అనుకున్నం. వేర్లు ఉతుకుడు బండ కిందికి పోయి ఉన్నయి, మొదలు నా మణికట్టు కన్నా లావు. తవ్వితే చస్తది తప్ప బతకదని మాలీ తేల్చి చెప్పిండు. కొమ్మలే గతి. దసరా పోయినంక, ఎండ తగ్గి మంచు మొదలయ్యే ముందు అత్తమ్మే కత్తిరించింది. పెన్సిల్ లావు కొమ్మ, మరీ లేతది కాదు, మరీ ముదురు కాదు. పువ్వు రాలిన కొమ్మైతే మేలు. ఒక్కోటి జానెడు, నాలుగు కణుపులు. కింద కణుపు దగ్గర ఏటవాలుగా, పైన అడ్డంగా కోసింది. పైకొసకు పేడ పూసింది. కింది ఆకులు తీసేసి పైన రెండు ఉంచింది. సగం ఇసుక, సగం మట్టి కలిపిన సంచిలో రెండు కణుపులు లోపలికి పోయేటట్టు గుచ్చి నీడన పెట్టింది. మొత్తం ముప్పై. చిగురు రాగానే సంబరపడొద్దన్నది. కొమ్మలో దాచుకున్న బలంతోటి చిగురు ముందే వస్తది, వేరు రావడానికి నెల, నెలన్నర పడతది. ఆ మధ్యలో లాగి చూస్తే పని ఖతం. జనవరి నాటికి ఇరవై రెండు నిలబడ్డయి. ఏడు మాకు, ఏడు భివండీకి, ఎనిమిది ఆడబిడ్డకు. మరిదికి పంపినవి ఆయన బామ్మర్ది చేతికిచ్చి పంపినం. ఆయన ఫోన్ చేయలేదు.

మార్చిలో చాళ్ కూలగొట్టిండ్రు. మేము చూడ్డానికి పోలేదు. పోయి వచ్చినోళ్లు చెప్పిండ్రు, బండను యంత్రంతో లేపితే కింద వేర్లు తాళ్ల లెక్క లేచొచ్చినయట.

మాది ఇప్పుడు బీడీ కార్మికుల ఘర్‌కుల్‌లో చిన్న ఇల్లు. ముందర రెండు బారల జాగ. నల్ల రేగడి, బోరు నీళ్లు ఉప్పగా ఉంటయి. మొక్కలు పెట్టిన మూడో నెలలో లేత ఆకులు పసుపుపచ్చగా తిరిగినయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగనే ఉన్నయి. చాళ్లో ఎన్నడూ అట్ల కాలేదు. మన నేలలో సున్నం ఎక్కువ. ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టమని ఎరువుల దుకాణంలో చెప్పిండ్రు. పది రోజులకొకసారి మూడు విడతలు కొడితే పచ్చబడ్డయి. బియ్యం కడిగిన నీళ్లు పోస్తం. సబ్బు నీళ్లు పోయం. చాళ్లో ఉతుకుడు నీళ్లు తాగి బతికింది కదా అంటరు కానీ అప్పటి సబ్బు వేరు, ఇప్పటి పౌడర్ల ఉప్పు వేరు.

ఏప్రిల్, మే నెలల్లో రెండు పనులే. ఒకటి, మొదట్లో మట్టి కనబడకుండ కప్పాలె. నేను బీడీ ఆకు కత్తిరించినంక మిగిలిన తునికాకు ముక్కలు మూడు వేళ్ల మందాన పరుస్తున్న. ఊరికే పారేసే చెత్త, కింద తడి నాలుగు రోజులు ఆగుతది. రెండోది ఎర్రనల్లి. ఎండ ముదిరినకొద్దీ ఆకు వెనుక చేరి పీలుస్తది. ఆకు మీద సన్న చుక్కలు, వెనుక పలుచటి గూడు కనబడతది. వేడి, పొడి గాలి దానికి పండగ. తెల్లవారుజామున ఆకుల వెనుక వైపు నీళ్లు చిమ్మితే సగం పోతది. మా వాడకట్టులో కొందరు పొగాకు పొడి నానబెట్టిన నీళ్లు కొడుతరు. పేనుకు పనిచేస్తది, నేను కాదనను. కానీ అది విషం. దేవుడికి పెట్టే పువ్వుకు, గుల్కందు చేసే పువ్వుకు తగలనీయొద్దు, పిల్లల చేతికి అందనీయొద్దు.

బెంగళూరు సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు, ఎర్ర నేల, చల్ల గాలి. ఎనిమిదికి ఎనిమిదీ నిలబడ్డయి. ఆరో నెలకే పూసినయి. ఆడబిడ్డ ఫోటోలు పంపుకుంట, "వదినా, నీ చేతిల కంటె నా చేతిలనే ఉంది లక్ష్మి" అని ఎత్తిపొడుస్తది. చలికాలంలో ఆకుల మీద బూడిద చల్లినట్టు తెగులు వచ్చింది. పగలు వెచ్చన, రాత్రి చల్లన ఉంటే అది వస్తది. మూల మీద ఉన్న మొక్కలకు గాలి ఆడక వచ్చింది, ఎండలోకి జరిపి లోపలి కొమ్మలు తీసేసి గంధకం పొడి కొడితే పోయింది.

కష్టమంతా భివండీలోనే. సోలాపూర్‌లో ఏడాదంతా కురిసే వానకు అక్కడ నాలుగింతలు, అదీ నాలుగు నెలల్లోనే. మరిది ఏడు మొక్కలనూ మగ్గాల షెడ్డు వెనుక, రేకుల చూరు కింద పెట్టిండు. చూరు నీళ్లు దబదబ వాటి మీదనే. జులైలో ఆకుల మీద నల్ల మచ్చలు లేచినయి, మచ్చ చుట్టూ పసుపు, ఆ తర్వాత ఆకు రాలుడు. నల్లమచ్చ బూజు ఆకును పట్టాలంటే ఆకు ఓ ఏడు గంటలు తడిగా ఉంటే చాలు. భివండీ జులైలో ఆకు ఆరేదే లేదు. ఆగస్టు కల్లా వేర్లు కుళ్లి ఒక్కొక్కటే పోయినయి. మరిది సగం ఏడాది మాటాడని మనిషి. పోలాలమాస నాడు అత్తమ్మకు ఫోన్ చేసిండు. పైసల ముచ్చట లేదు, గది ముచ్చట లేదు. "అవ్వా, చెట్టు పోయిందే" అన్నడట. అత్తమ్మ తిట్టలేదు. "దసరా దాటినంక రా" అన్నది.

సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిండు. మా మొక్కలకు అప్పటికి ఏడాది నిండలేదు, అయినా అత్తమ్మ ఒక్కోదాని నుంచి రెండు కొమ్మలు తీసింది. పోయేముందు ఆయన, మా ఆయన గుమ్మంల కూసొని ఒక గంట మాట్లాడుకున్నరు. నేను ఛాయ్ ఇచ్చి లోపలికి వచ్చిన. ఏం మాట్లాడుకున్నరో అడగలేదు.

ఈసారి భివండీలో పద్ధతి మార్చిండు. రంగు డబ్బాలు బాగా కడిగి, అడుగున కాదు, అడుగు నుంచి రెండు వేళ్ల పైన పక్కలకు పది బొక్కలు పెట్టి, మట్టి ఒక వంతు, ఇసుక ఒక వంతు, ఇటుక ముక్కలు, పెంటఎరువు ఒక వంతు కలిపిండు. డబ్బాలు నేల మీద కాకుండ ఇటుకల మీద ఎత్తిండు. తూర్పు గోడకు జరిపిండు, పొద్దున ఎండ పడితే ఆకు తొందరగా ఆరుతది. రాలిన ఆకు ఒక్కటి కూడా డబ్బాలో ఉండనీయడు. దాంట్లోనే బూజు మళ్లీ ఎగబాకుతది. జూన్‌కు ముందు కొమ్మలు సగానికి కోసి పలుచన చేసిండు, వానాకాలం మొత్తం ఎరువు బందు పెట్టిండు. అట్లయినా వానల్లో ఆకు సగం రాల్చినయి. ఎనిమిదింట్లో అయిదు మిగిలినయి. అక్కడి గాలికి అయిదు మిగలడం గొప్పే. అక్టోబర్ ఎండకు కొత్త చిగురు వేసి నవంబర్‌ల పూసినయి. సోలాపూర్ పువ్వు కంటె రంగు కొంచెం లేత, సైజు కొంచెం పెద్ద. వాసన అదే.

బండి మొక్క కొనొద్దని నేను చెప్పను. కొంటే రెండు చూసుకోండి. కడియం నుంచి వచ్చే మొక్కల వేర్ల చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటది. గోదావరి తడి గాలిలో అది మెత్తగనే ఉంటది, మన దగ్గర ఎండి రాయి అయితది. పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతయి, వేరు పొడిగనే ఉంటది. నాటేముందు అరగంట బకెట్ నీళ్లల్లో ఉంచి, చుట్టూ మట్టి వేళ్లతో మెల్లగా వదులు చేసి పెట్టండి. రెండోది, అంటు కట్టిన బుడిపె ఎక్కడుందో చూడండి. దాని కింది నుంచి జోరుగా లేచే రెమ్మ మీరు కొన్న గులాబీది కాదు, అడుగున వాడిన అడవి మొక్కది. దాన్ని ఉంచితే పైదాన్ని మింగేస్తది. మా అత్తమ్మది సొంత వేరు మీది మొక్క కాబట్టి ఆ తగాదా లేదు. కరువులో పైనంతా ఎండినా కింద నుంచి వచ్చింది మళ్లీ అదే గులాబీ.

అత్తమ్మకు ఇప్పుడు కళ్లు సరిగ్గా ఆనవు. పొద్దున గుమ్మంల కూసుంటే ఎన్ని పూసినయో వాసనను బట్టి చెప్తది, ఒకటి రెండు అటు ఇటు. కొమ్మలు ఇప్పుడు నేనే కోస్తున్న. పోయినేడు మన సందులో నలుగురికి, యాదగిరిగుట్ట వైపు నుంచి వచ్చిన ఒక చుట్టానికి ఇచ్చిన. ఈ ఏడు ఏడు మొక్కలూ బాగా గుబురు కట్టినయి, నలభై కొమ్మలు వచ్చేటట్టున్నయి. దసరా దాటిన ఆదివారం కోస్తం. కావాల్సినోళ్లు తడిపిన గోనెగుడ్డ ముక్క తెచ్చుకోండ్రి. సంచులు, ఇసుక మా దగ్గర లేవు.